సమాధుల తోటలో ఒక గంట

(రేడియోలో ప్రసారమైన సందేశపు పాఠము)

ఈ సాయంకాలము మిమ్మల్ని ఒక చోటికి తీసుకొని వెళ్లాలని ఆశపడుతున్నాను. ఎక్కడికో చెప్పగానే కొందరు రేడియో కట్టేస్తారేమో! కట్టేయకండి, పదిహేను నిమిషములు ఓపిక పట్టండి. మనము వెళ్లేది సమాధుల తోటకు.

"అయ్యగారూ, ఈ రోజు ఎవరు పోయారు?" అని అడగవద్దు. ఎవరూ పోలేదు. నేను చెప్పేది ఆ సంగతే. ఎవరూ పోని రోజున మీరు ఎప్పుడైనా సమాధుల తోటకు వెళ్లారా? భూస్థాపనకు వెళ్తాము. పిడికెడు మట్టి వేస్తాము. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కొని లోపలికి వెళ్తాము. నవంబరు 2వ తేదీన ఆత్మల పండుగకు కొందరు వెళ్లి సున్నము కొట్టి, పూలు చల్లి, క్రొవ్వొత్తులు వెలిగిస్తారు. ఈస్టరు నాడు తెల్లవారుజామున కొన్ని సంఘములు అక్కడ ఆరాధన చేస్తాయి. మిగిలిన మూడు వందల అరవై దినములు ఆ గేటుకు తాళము, లోపల తుమ్మచెట్లు, మేకలు. అంతే కదా?

ప్రియులారా, ఊరికే వెళ్లి చూడండి. పని లేకుండా వెళ్లండి. సాయంత్రము నాలుగున్నర అయ్యాక, ఎండ వాలినప్పుడు వెళ్తే ఇంకా మంచిది. ఎందుకో తర్వాత చెప్తాను.

రాజుల రెండవ గ్రంథము 23వ అధ్యాయములో ఒక చిన్న సంఘటన ఉన్నది. దాని మీద ప్రసంగము విన్నవారు తక్కువ. యోషీయా రాజు బేతేలునకు వచ్చాడు. విగ్రహముల బలిపీఠమును పడగొట్టించాడు. కొండ మీద ఉన్న సమాధులను త్రవ్వించి ఆ ఎముకలను తెప్పించి ఆ పీఠము మీద కాల్పించాడు. అంత కోపములో ఉన్న రాజు కంటికి ఒక సమాధి గురుతు కనబడింది. ఆగి, అది ఎవరిదని అడిగాడు. గమనించండి, ఆ ఊరివారు వెంటనే జవాబు చెప్పగలిగారు. యూదా నుండి వచ్చిన ఒక దైవజనుడు, ఈ పీఠమునకు ఇలా జరుగుతుందని చెప్పినవాడు, ఇక్కడ ఉన్నాడు అన్నారు. ఆ దైవజనుడు చనిపోయి అప్పటికి సుమారు మూడు వందల ఏండ్లు! రాజు ఆ ఎముకలను ముట్టవద్దు అన్నాడు. కొండ అంతా త్రవ్వించినా ఆ ఒక్క సమాధి మిగిలింది. ఎందుకు మిగిలింది? అక్కడ గురుతు ఉన్నది, అది ఎవరిదో చెప్పగలిగే జనము కూడా ఊరిలో ఉన్నది. ఈ రెండింటిలో ఏది లేకపోయినా మిగిలేది కాదు.

మన ఊరి సమాధుల తోటలో ఎవరైనా వచ్చి ఒక పాత రాతిని చూపించి ఇది ఎవరిది అని అడిగితే, జవాబు చెప్పేవారు మన సంఘములో ఎంతమంది ఉన్నారు?

మచిలీపట్నము తీసుకోండి. మనము బందరు అంటాము. డచ్చివారు 1605లో అక్కడ వర్తకము మొదలుపెట్టారు. ఇంగ్లీషువారు 1611లో వచ్చారు. బందరులో డచ్చివారి సమాధుల స్థలము నేటికీ ఉన్నది, పురావస్తు శాఖవారి సంరక్షణలో ఉన్నది. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దముల నాటి పెద్ద పెద్ద పలకలు. వాటి మీద అక్షరములు చెక్కిన పద్ధతి చూడండి. మనము ఇప్పుడు రాతిలోనికి గుంటగా అక్షరము తొలుస్తాము. వాళ్లు అక్షరము చుట్టూ ఉన్న రాతిని తొలిచి, అక్షరము పైకి తేలేటట్లు చేశారు. ఎంత శ్రమ! కుటుంబ చిహ్నములు, అలంకారపు అంచులు కూడా అలాగే. ఆ రాళ్ల మీద ఎక్కువగా కనబడే మాటలు "హియర్ లేయ్ట్ బెగ్రావెన్". ఇక్కడ పాతిపెట్టబడి ఉన్నాడు అని అర్థము. డచ్చి భాష రాకపోయినా నాలుగు రాళ్లు చూశాక ఆ మూడు మాటలు మీకు వచ్చేస్తాయి. ఆ తర్వాత పేరు, తర్వాత ఏండ్లు. భీమునిపట్నములో సముద్రము దగ్గర ఇంకొకటి ఉన్నది, కోసుగా పైకి లేచిన గోరీలు. పులికాటు, ఇప్పుడు తమిళనాడులో ఉన్నది గాని సరస్సు మనదీ వారిదీ కదా, అక్కడ ప్రవేశద్వారమునకు రెండు ప్రక్కలా రాతిలో చెక్కిన అస్థిపంజరములు నిలబడి ఉంటాయి. పిల్లలను తీసుకొని వెళ్తే మొదట భయపడతారు, తర్వాత వాటి ప్రక్కన నిలబడి ఫొటో తీయమంటారు. పిల్లలు మనకంటే నయము.

బందరులోనే సెయింట్ మేరీస్ చర్చి ఉన్నది. ఆ చర్చి లోపల ఒక స్త్రీ సమాధి ఉన్నది. అరబెల్లా రాబిన్సన్ అని పేరు, 1809లో చనిపోయినది. బందరువారు చెప్పుకొనే కథ ఏమిటంటే, జాన్ పేటర్ అనే సైన్యాధికారి ఆమెను భార్యగా ఎంచుకొన్నాడు గాని వారిద్దరికీ సంఘములో వివాహము జరుగలేదు. అందుచేత ఆమె దేహమును సంఘపు సమాధుల స్థలములో పెట్టనివ్వలేదట. అతడు తన సొంత నేలలో ఆమెను పాతిపెట్టి, ఆ సమాధి మీద గుడి కట్టించాడు. చివరకు ఆ గుడియే ఊరి క్రైస్తవుల ఆరాధన స్థలమైనది. చూశారా? లోపలికి రానివ్వము అన్న స్త్రీ సమాధి చుట్టూ కూర్చొని తరతరములుగా ప్రభువు బల్లలో పాలు పొందుతున్నారు. వివాహ విషయములో నేను వారిద్దరినీ సమర్థించడము లేదు. కానీ చనిపోయిన మనిషికి ఆరడుగుల నేల ఇవ్వడానికి కూడా విచారణ పెట్టే సంఘ పెద్దలు 1809తోనే అయిపోయారని మీరు అనుకొంటున్నారా?

ఆ ఊరిలోనే మరొకరు ఉన్నారు, రాబర్ట్ నోబుల్ గారు. నోబుల్ కాలేజీ పేరు మీ అందరికీ తెలుసు. ఆయన 1841లో వచ్చారు, 1843లో బడి పెట్టారు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు మీదికి సముద్రము వచ్చింది. ఆ ఒక్క రాత్రిలో సుమారు ముప్పై వేలమంది పోయారని చరిత్ర. నోబుల్ గారు ఆ ఉప్పెన నుండి బ్రతికారు. మరుసటి ఏడు, 1865 అక్టోబరులో, బందరులోనే కన్నుమూశారు. ఆయన పేరు కాలేజీ గుమ్మము మీద ఉన్నది. ఆ ముప్పై వేలమంది పేర్లు ఎక్కడ ఉన్నాయి? బెస్తవారు, కూలివారు, చంటిపిల్లలు, బాలింతలు. వారిలో అత్యధికులకు రాయి లేదు. మన జ్ఞాపకములోనిదే, 1977 నవంబరు 19న దివిసీమలో మరల అదే జరిగింది. పదివేలమందికి పైగా పోయారు. ఎవరు ఎవరో గుర్తుపట్టలేని స్థితిలో దేహములను కలిపి పూడ్చారు, కలిపి కాల్చారు. ఆ ప్రాంతము నుండి ఈ మాటలు వింటున్నవారు ఉంటే, మీ ఇంటివారి పేరు ఏ రాతి మీదా లేకపోతే, మోషే సమాధి కూడా ఎవరికీ తెలియదని గుర్తు చేసుకోండి. ద్వితీయోపదేశకాండము చివరి అధ్యాయము చదవండి. అతనిని దేవుడే పాతిపెట్టాడు.

సమాధుల తోటకు వెళ్లడము వలన ఏమిటి ప్రయోజనము అని కొందరు అడుగుతారు. నేను ప్రయోజనము కోసము మొదలుపెట్టలేదు. మొదట నిశ్శబ్దము కోసము వెళ్లాను. పాస్టరు ఇంటిలో నిశ్శబ్దము దొరకదు, మీకు తెలిసినదే. ప్రసంగము సిద్ధపరచుకొందామని వెళ్లి, వాక్యము చదవడము మాని రాళ్లు చదవడము మొదలుపెట్టాను. ఒక రాతి మీద వయస్సు ఇలా ఉంటుంది: ఒక సంవత్సరము, మూడు నెలలు, పదకొండు దినములు. పాత ఇంగ్లీషు సమాధుల మీద పిల్లల వయస్సు ఇలాగే లెక్క పెట్టి వ్రాస్తారు. ఆ పదకొండు దినములు వదిలేయడానికి ఆ తల్లికి మనస్సు ఒప్పలేదు. అరవై ఏండ్ల మనిషికి దినములు లెక్క పెట్టరు. బిడ్డకు మాత్రము ఒక్క దినము కూడా వదలరు. నాకు ఇది ఏ వ్యాఖ్యాన గ్రంథములోనూ దొరకలేదు.

మన భాషలో ఒక మంచి మాట ఉన్నది. మన సమాధుల మీద మరణించెను అని తక్కువ వ్రాస్తాము. ప్రభువునందు నిద్రించెను అని వ్రాస్తాము. ఇంగ్లీషువారు సెమెటరీ అంటారే, ఆ మాట గ్రీకు భాష నుండి వచ్చింది, నిద్రించు స్థలము అని దాని అర్థము. ఆదిమ క్రైస్తవులు ఆ మాటను ఇష్టముగా వాడుకొన్నారు. మనవారు ఇంకొక అడుగు ముందుకు వేసి తోట అన్నారు. శ్మశానము అనలేదు, సమాధుల తోట అన్నారు. యోహాను సువార్తలో చూడండి, ప్రభువును ఉంచిన క్రొత్త సమాధి కూడా ఒక తోటలోనే ఉన్నది. అందుకే మగ్దలేనే మరియ ఆయనను చూసి తోటమాలి అనుకొన్నది. తోటలో కనబడే మనిషి తోటమాలి కాక ఇంకెవరు? ఆయన ఎవరో ఆమెకు ఎప్పుడు తెలిసింది? ఆయన పేరు పెట్టి పిలిచినప్పుడు.

పేరు సంగతి వచ్చింది గనుక ఒకటి చెప్తాను. డెల్టాలో ఒక పల్లె. అక్కడ కూటములకు వెళ్లి, సాయంత్రము సమాధుల తోటలో తిరుగుతున్నాను. ఒక పెద్దాయన వచ్చి నా వెనుక నిలబడ్డాడు. ఎనభై దాటి ఉంటాయి.

"అయ్యగారూ, మీరు రాళ్లు చదువుతున్నారంట. మా ఇంటిదాని రాయి ఒకసారి చదివి పెడతారా?"

"మీరు చూడలేదా తాతా?" అన్నాను.

"రోజూ చూస్తానయ్యా. చదవలేను. నాకు అక్షరం రాదు."

తీసుకొని వెళ్లాడు. కడప బండ మీద చెక్కి, అక్షరములలో తెల్ల రంగు నింపిన రాయి. నేను చదివాను. ఒక పేరు, ఫలానావారి భార్య, నిద్రించిన తేదీ. ఆయన విని, కాసేపు ఊరకున్నాడు. "ఆ పేరేనా ఉంది?" అన్నాడు. ఆ పేరే అన్నాను. "అది గుడి పుస్తకంలో పేరయ్యా. బాప్తిస్మానికి దొరగారు పెట్టింది. నేనెప్పుడూ అట్లా పిలవలా" అన్నాడు. ఆయన పిలిచిన పేరు వేరు, ఆమె తల్లి పెట్టిన పేరు. రాయి చెక్కేవాడు సంఘపు రిజిస్టరు చూసి వ్రాశాడు, తప్పేమీ లేదు. ఈయన ఇన్నేండ్లూ ఆ రాతి మీద తను పిలిచిన పేరే ఉన్నదనుకొని దాని మీద చెయ్యి వేసి కూర్చునేవాడు. నేను చదవకుండా ఉంటే ఆయనకు అలాగే ఉండేది. ఆ పేరు నాకు చెప్పాడు. నా చేతిలో ఉన్న పుస్తకములో వ్రాసుకొన్నాను. "వ్రాశారా?" అని రెండుసార్లు అడిగాడు.

స్త్రీల సమాధులు చదివేటప్పుడు ఈ సంగతి మనస్సులో పెట్టుకోండి. చాలా రాళ్ల మీద ఆమె ఎవరి భార్యో ఉంటుంది, ఎవరి తల్లో ఉంటుంది. మరి ఆమె? పరిశుద్ధ గ్రంథము మొట్టమొదట ఒక సమాధి కొన్న సంగతి వివరముగా చెప్పినది ఒక స్త్రీ కోసమే. శారా నూట ఇరవై ఏడు ఏండ్లు బ్రతికింది అని వయస్సుతో సహా వ్రాసి ఉన్నది. ఆదికాండము 23వ అధ్యాయము అంతా ఆ ఒక్క భూమి బేరమే. అబ్రాహాము పరదేశి. దేవుడు దేశమంతా ఇస్తానన్నాడు గాని చేతిలో అడుగు నేల లేదు. భార్య దేహము ఎదుట నుండి లేచి, హేతువారి దగ్గరకు వెళ్లి అడిగాడు. ఎఫ్రోను ఊరికే తీసుకోమన్నాడు. అబ్రాహాము ఒప్పుకోలేదు. ఊరి గుమ్మము దగ్గర, అందరూ చూస్తుండగా, నాలుగు వందల తులముల వెండి తూచి ఇచ్చాడు. ఎందుకు? ఊరికే ఇచ్చినవాడు రేపు ఊరికే తీసుకొంటాడు. సాక్షులు ఉండాలి, హద్దులు ఉండాలి, చెట్లతో సహా లెక్క ఉండాలి. ఆ అధ్యాయము చివరలో అవన్నీ ఉన్నాయి, చదివితే మన రిజిస్ట్రేషను దస్తావేజులాగా ఉంటుంది.

మన పల్లెలలో ఎన్ని సంఘములకు ఈ కష్టము తెలియదు? దేహము ఇంటిలో ఉంచుకొని, ఎక్కడ పెట్టాలి అని తహశీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగినవారు ఈ మాటలు వింటూ ఉండవచ్చు. చెరువు గట్టున, వాగు ఒడ్డున, వానలు వస్తే నీళ్లు నిలిచే చోట పెట్టుకొన్నవారు ఉన్నారు. ఇక పట్టణములలో జాగా లేక పాత సమాధి తెరచి అందులోనే మరొకరిని పెడుతున్నారు. కుటుంబము ఒకటే అయితే నేను దానిని తప్పు పట్టను, మక్పేలా గుహలో అబ్రాహాము కుటుంబము అంతా అలాగే ఉన్నది. కానీ ఎవరిదో తెలియని సమాధి అని చెప్పి రాయి పీకి ప్రక్కన పడేస్తున్నారే, అక్కడ యోషీయా ప్రశ్న ఎవరూ అడగడము లేదు. ఇంకొకటి కూడా చెప్పాలి, నొచ్చుకొనేవారు నొచ్చుకోండి. కొన్ని ఊళ్లలో ఒకే ప్రభువును ఆరాధించేవారి సమాధుల తోట మధ్యలో గోడ ఉన్నది. ఇటు వీరు, అటు వారు. కడబూర మ్రోగిన దినమున గోడకు ఇటువైపు వారు ముందు లేస్తారా, అటువైపు వారా? ఆ గోడ కట్టినవారిని అడగాలని ఉన్నది గాని, వారు కూడా ఆ గోడ ప్రక్కనే నిద్రిస్తున్నారు.

రాయలసీమలో గుత్తి కోట క్రింద ఒక పాత ఇంగ్లీషు సమాధుల స్థలము ఉన్నది. సర్ థామస్ మన్రో పేరు విన్నారు కదా. 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు. స్వదేశమునకు వెళ్లిపోయే ముందు, తను పని చేసిన ఆ సీమను చివరిసారి చూద్దామని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తిలో పాతిపెట్టారు. 1831లో ఆ అవశేషములను తీసి మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి మార్చారు. ఆ సీమలో జనము పిల్లలకు మన్రోలప్ప అని ఆయన పేరు పెట్టుకొన్నారు. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థము తోట, బావి వేయించారు. నన్ను అడిగితే అన్ని సమాధులలోకి ఆ బావి గొప్పది. ఆ రోజులలో కలరా నీటి ద్వారా వస్తుందని ఎవరికీ తెలియదు. కలరాతో పోయిన మనిషి పేరున మంచినీళ్ల బావి త్రవ్వించినవారు తెలియకుండానే సరియైన పని చేశారు.

మన చేతిలోని తెలుగు సువార్తల వెనుక కూడా రెండు సమాధులు ఉన్నాయి. జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు 1805లో విశాఖపట్నము వచ్చారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుని సహాయముతో తెలుగులోనికి తర్జుమా మొదలుపెట్టారు. క్రాన్ 1809లో పోయాడు. డెస్ గ్రాంజెస్ 1810లో పోయాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూరులో అచ్చయి బయటకు వచ్చినది 1812లో. ఇద్దరిలో ఒక్కరు కూడా అచ్చు పుస్తకము చేతితో పట్టుకోలేదు.

ఇక మన పిల్లలు ఇప్పుడు విదేశములలో ఉన్నారు. లండనులో ఉన్నవారికి ఒక మాట. కెన్సల్ గ్రీన్ అనే పెద్ద పాత సమాధుల తోట ఉన్నది. అక్కడ చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ గారు ఉన్నారు, 1884 డిసెంబరులో చనిపోయారు. వేమన పద్యములను సేకరించి అచ్చు వేయించినవాడు, తెలుగు నిఘంటువు కూర్చినవాడు. డార్కింగ్ అనే ఊరిలో సర్ ఆర్థర్ కాటన్ గారు ఉన్నారు, 1899లో పోయారు. గోదావరి జిల్లాలలో ఆయన విగ్రహములు ఎన్ని ఉన్నాయో లెక్క లేదు. మన తెలుగువారు రైలు ఎక్కి వెళ్లి ఆ సమాధి ముందు నిలబడి వస్తున్నారు. అక్కడి మనుషులకు ఆయన ఎవరో చెప్పగలిగినవారు మనవారే. బేతేలు ఊరివారి ఉద్యోగము ఇప్పుడు రాజమండ్రి కుర్రవాళ్లు చేస్తున్నారన్నమాట!

హైదరాబాదులో ఫ్రెంచి సేనాపతి రేమండ్ సమాధి కూడా ఇలాంటిదే. 1798లో చనిపోయాడు. గుట్ట మీద నల్లరాతి స్తంభము, దాని మీద రెండు అక్షరములు. జనము నోటిలో రేమండ్ పేరు మూసారాము అయింది, దాని నుండి మూసారాంబాగ్ అయింది. రోజూ ఆ పేరుగల బస్టాపులో దిగేవారికి అది ఒక మనిషి పేరని తెలియదు. రాయి చెరిగిపోయినా నోరు కొంత మోస్తుంది, కానీ మోసే దారిలో మార్చేస్తుంది. అందుకే రెండూ కావాలి.

ఇప్పుడు సాయంత్రము నాలుగున్నరకే ఎందుకు వెళ్లమన్నానో చెప్తాను. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు అరిగిన అక్షరము కనబడదు. ఎండ ప్రక్కనుండి పడినప్పుడు, గుంటలో నీడ నిలిచి అక్షరము లేచి వస్తుంది. ఉదయము ఏడింటికి గాని, సాయంత్రము గాని చూడండి. రాయి పడమర వైపు తిరిగి లేకపోతే ఇంటిలోని అద్దము ఒకటి పట్టుకొని వెళ్లి, ఎండను రాతి మీదికి ప్రక్కగా కొట్టించండి. పిల్లలకు ఈ పని ఇస్తే మహా ఇష్టముగా చేస్తారు. అయినా కనబడకపోతే కండ్లు మూసుకొని వ్రేళ్లతో తడవండి. కంటికి అందనిది చేతికి అందుతుంది.

రాతిని శుభ్రము చేయాలనిపిస్తే మంచినీళ్లు, మెత్తని బ్రష్షు, అంతే. యాసిడ్ పోయవద్దు. ఇనుప బ్రష్షు వద్దు. బొగ్గు, సుద్ద రుద్దవద్దు. పాలరాతి పలకలలో కొన్నిటికి అక్షరములు సీసముతో పోసి ఉంటాయి. అవి ఒక్కొక్కటిగా ఊడిపోతాయి, కానీ అవి నిలిచిన చిన్న చిన్న రంధ్రములు మిగులుతాయి, వాటిని బట్టి కూడా చదవవచ్చు. కడప బండ పొరలు పొరలుగా లేస్తుంది. లేచిన పొరను పీకవద్దు, అక్షరము దాని మీదే ఉంటుంది.

సున్నము గురించి ఒక్క మాట, ఎవరూ కోపగించుకోవద్దు. ఏటేటా నవంబరులో మనము ప్రేమతో సున్నము కొడతాము. ముప్పై ఏండ్లు కొట్టిన తర్వాత అక్షరముల గుంటలు నిండిపోయి, రాయి నున్నగా అవుతుంది. ఎవరూ పట్టించుకోని సమాధి మీద పేరు నిలిచి ఉంటుంది, ప్రతి ఏడూ పిల్లలు వచ్చి వెల్లవేసిన సమాధి మీద పేరు పోతుంది. గోరీ చుట్టూ వేసుకోండి, అక్షరములున్న పలకను వదిలివేయండి. వెల్లవేసిన సమాధులు అని ప్రభువు దేనిని అన్నారో మీకు తెలుసు, అది వేరే సంగతి.

కొందరు అమెరికా నుండి డబ్బు పంపి, నల్ల గ్రానైటుతో, ఫొటో చెక్కించి, చుట్టూ స్టీలు కంచె వేయిస్తున్నారు. అమ్మ బ్రతికి ఉండగా ఆ కంచెకు అయిన డబ్బులో సగము పంపి ఉంటే అనిపిస్తుంది నాకు. నేను అన్నది అందరినీ కాదు. ఆ రాయి వేయించిన కొందరు పిల్లలు దాని ముందు ఏడ్చిన ఏడ్పు నేను చూశాను.

చివరగా ఒక పని. ఇది మన యౌవనస్థుల కూటములకు అప్పగిస్తున్నాను. జూలియన్ జేమ్స్ కాటన్ అనే ఉద్యోగి మద్రాసు రాజధానిలోని పాత సమాధుల మీది వ్రాతలను ఊరూరా సేకరించి 1905లో పుస్తకము వేయించాడు. మన తెలుగు జిల్లాలవి కూడా అందులో ఉన్నాయి. అప్పటికి కనబడి, ఆ తర్వాత చెరిగిపోయిన వ్రాతలకు ఆ పుస్తకమే దిక్కు. 1698 నుండి మద్రాసు ప్రెసిడెన్సీలోని భూస్థాపనల రిజిస్టరు నకళ్లు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. దొరలవి దొరలు భద్రము చేసుకొన్నారు, సంతోషము. మన తాతలవి ఎవరు వ్రాస్తారు?

ఒక నోటు పుస్తకము తీసుకోండి. మొదటి పేజీలో సమాధుల తోట పటము గీయండి, గేటు ఎటు, చెట్టు ఎటు, వరుసలు ఎన్ని. ప్రతి రాతికీ ఒక అంకె. రాతి మీద ఏది ఉంటే అదే వ్రాయండి. అక్షరము తప్పు ఉంటే తప్పుతోనే వ్రాయండి, దిద్దవద్దు. కనబడని అక్షరమునకు చుక్క పెట్టండి, ఊహించి నింపవద్దు. సెల్‌ఫోనుతో ఫొటో తీయండి గాని ఫోనును నమ్ముకొని వ్రాయడము మానవద్దు. ఆ తర్వాత ఆ పుస్తకము పట్టుకొని సంఘములోని వృద్ధుల దగ్గరకు వెళ్లండి. రాయి లేని మట్టిదిబ్బలు ఎవరివో వారు చెప్తారు. రాతి మీద ఉన్న పేరుతో పాటు ఇంటిలో పిలిచిన పేరు ఏమిటో అడగండి. తొందరగా వెళ్లండి, వారు ఎల్లకాలము ఉండరు. ఒక ప్రతి పాస్టరుగారికి ఇచ్చి రిజిస్టరుతో పాటు బీరువాలో పెట్టించండి.

పాములు ఉంటాయి, చెప్పులు కాదు, బూట్లు వేసుకొని వెళ్లండి. చేతికర్ర ఒకటి ఉంచుకోండి. గేటు తాళము చెవి సామాన్యముగా కాపలాదారు భార్య దగ్గర ఉంటుంది, టీ త్రాగి వెళ్లమంటుంది, కాదనకండి. ఆమెకు తెలిసినన్ని సంగతులు సంఘ కార్యదర్శికి కూడా తెలియవు.

మన సమయము అయిపోయినది. వచ్చే వారము ఇదే సమయమునకు మరల కలుసుకొందాము. అంతవరకు ప్రభువు కృప మీకు తోడై యుండును గాక. ఆమేన్.